ఇబ్రహీంపట్నం వెళ్ళిన పడ్డ

కూచిపూడి,
24 నవంబరు 2024.

ఛాయాదేవికి,

రెండు రోజులుగా మబ్బు పట్టి ఉంది. చినుకు పడదు, ఎండ కాయదు. కోతకి ముందే చేలో గొడ్ల మేతకి పిల్లిపెసర చల్లాలని పొద్దున్నే మీ అన్నయ్యా నేనూ దిగాం. వరి తొక్కకుండా నడవాలి కదా, గట్టెక్కేసరికి మోకాళ్ళ దాకా బురద. ఇంటికొచ్చి పాక ఊడ్చి, ముసలి గేదెకి కుడితి పెట్టి, ఇప్పుడే కూర్చున్నాను.

నీతో మాట్లాడనని అత్తగారి పెద్దకర్మ నాడు పదిమందిలో అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను. రాయనని మాత్రం అనలేదు. మీ అన్నయ్య చేత అడిగిద్దామంటే, ఆయన చెల్లెలికి ఫోను చేసి "బాగున్నావా, బాగున్నాం" దగ్గర ఆగిపోతాడు. గేదె పడ్డ సంగతి అడిగావా అంటే "బాగానే ఉంటుందిలే" అంటాడు. పడ్డే ఫోనెత్తి ఆయనతో చెప్పినట్టు.

అత్తగారు పోతూ పోతూ పడ్డ నీకన్నారు. పుట్టినప్పటినుంచీ దాన్ని సాకింది నేనని ఆవిడకి ఆ వేళ తోచలేదు. పోయిన మనిషితో తగువు దేనికి. పెద్దల్లో అనుకున్నది మాత్రం గుర్తు చేస్తున్నాను. పడ్డ నీది, దానికి మొదట పుట్టే ఆడదూడ నాది. మా ముసలిది ఇక చూడి కట్టదని తేలిపోయింది. దాని కడుపున మిగిలిన ఆడది నీ పడ్డ ఒక్కటే. నా పాకలో మళ్ళీ పాడి కనబడాలంటే నీ చేతిలో అది పెరగాలి. నా రాత అలా ఉంది.

అందుకని మా ఊరి పాలు బెజవాడ తోలే యేసుబాబు బండిలో రెండు మోపులు పోయినేటి ఎండు పిల్లిపెసర పంపుతున్నాను. వారానికోసారి ఖాళీ క్యాన్ల కోసం మీ ఊరి దాకా వస్తాడట. వరిగడ్డిలో కలిపి పెట్టు. వేరుశనగ చెక్క నానబెట్టి పెట్టు. నీకు తెలీదని కాదు. పాతికేళ్ళుగా ప్యాకెట్టు పాలు తాగుతున్నావు కదా, మరిచిపోయి ఉంటావని.

నీతో మాట్లాడని వదిన,
బుల్లెమ్మ

*

ఇబ్రహీంపట్నం,
3 డిసెంబరు 2024.

గౌరవనీయులైన వదినగారికి,

ఇక్కడ చలి మొదలైంది. థర్మల్ స్టేషను బూడిద ఆరేసిన బట్టల మీద కంటే ఎక్కువగా నా మీదే పడుతోంది. మీ తమ్ముడుగారికి, అంటే మా ఆయన రామకోటేశ్వరరావు గారికి, అక్కడి ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కూడా బూడిద చూస్తేనే గాని కాఫీ దిగదు. అదో బాధ.

మోపులు అందాయి. ఆడపడుచు ఇంట్లో గడ్డిపోచకి కూడా దిక్కులేదని యేసుబాబు చేత మా వీధంతా చాటించినందుకు చాలా సంతోషం. మీ పిల్లిపెసర పక్కింటి మార్త మేకలకి వేశాను. అవి మిమ్మల్ని దీవించాయి.

పడ్డకి మా ఇంట్లో ఎండుగడ్డి నమిలే అవస్థ లేదు. ఈయన సూపర్ నేపియర్ గడ్డి కణుపులు తెచ్చి పెరడంతా నాటారు. వాడుక నీళ్ళకే మనిషెత్తు లేచింది. ఇంకా లేస్తోంది. దాన్ని నరకడానికి ఆటోనగర్‌లో చెప్పి మిషను చేయించారు. స్కూటరు మోటారు, లారీ స్ప్రింగు కత్తులు. మిషను ఆడితే వీధిలో ఫోన్లు వినబడవు. పడ్డ మాత్రం చెవులు నిక్కించి వస్తుంది. పగలూ రాత్రీ పచ్చగడ్డే. చెక్క వేడి చేస్తుందని ఈయన వద్దన్నారు. వీడియోలో చూశారట.

మీ ఇంట్లో పండక్కి కూడా దొరకని పచ్చగడ్డి మా ఇంట్లో అది రోజూ తింటోంది. కాబట్టి బెంగ పెట్టుకోకండి. బెంగతో మీ ఆరోగ్యం పాడైతే మళ్ళీ నేనే రావాలి, వచ్చినా మీరు మాట్లాడరు.

మీ మాట మీద మీరుండటం చూసి ముచ్చటపడుతున్న,
ఛాయాదేవి

*

కూచిపూడి,
22 జనవరి 2025.

ఛాయాదేవికి,

మంచు బాగా పడుతోంది. పొద్దెక్కాక గాని చేలోకి వెళ్ళటం లేదు. వరి దుబ్బుల మధ్య పిల్లిపెసర తివాచీ పరిచినట్టుంది. ఊళ్ళో చాలామంది మినుము వేసుకున్నారు. గొడ్లకి చేలు వదిలింది మేమూ ఇంకో రెండిళ్ళూ. మాకు బుద్ధి లేదని మిగతావాళ్ళ అభిప్రాయం.

నీ ఉత్తరం చదివాను. మార్త గారి మేకలు కులాసా అని తలుస్తాను.

గడ్డి మనిషెత్తు పెరిగితే మనిషి ఫొటో దిగడానికి బాగుంటుంది. అంత ముదిరాక అది గడ్డి కాదు, పచ్చరంగు వేసిన కర్ర. మోకాలికి కాస్త పైన ఉన్నప్పుడు కోసి పెట్టాలి. అప్పుడైనా అదొక్కటే చాలదు. ఎదిగే పశువుకి కండ పట్టాలంటే పిల్లిపెసరో, జనుమో, అవిసాకో, గుప్పెడు చెక్కో పడాలి. నువ్వు రోజూ పిల్లలకి ఒట్టి అన్నం పెట్టి, పప్పు వేడి చేస్తుందని మానేశావా? మేనల్లుడు ఆరడుగులున్నాడే.

ఇదంతా వీడియోలో చెప్పలేదు కాబట్టి మా తమ్ముడు గారు నమ్మరు. ఎవరినైనా ఓ మిషను పక్కన నిలబెట్టి, ఇదే మాట వాళ్ళ చేత చెప్పించి, వీడియో తీయించి పంపనా?

మోపులు ఇంక పంపను. మేకలకి అలవాటు చేయడం మంచిది కాదు.

బుల్లెమ్మ

*

ఇబ్రహీంపట్నం,
18 జూన్ 2025.

పూజ్యులైన వదినగారికి,

ఎండలు తగ్గలేదు. కొండపల్లి వైపునుంచి వచ్చే గాలి మొహం మీద పెనం పెట్టినట్టుంది. ఈ ఎండలో కూడా మా నేపియర్ వాడలేదని మీకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం ఉంది. తేలాక రాద్దామని ఆగాను. ఫిబ్రవరిలో పడ్డ ఒక రాత్రంతా అరిచింది. ఎదకొచ్చిందని పొద్దున్నే చూడి కట్టే సూది వేసేవాణ్ణి పిలిపించాం. వేశాడు. ఆ తర్వాత అరవలేదు. ఇప్పుడు దాని కడుపు చూస్తే మీరు నోటి మీద వేలేసుకుంటారు. గుమ్మంలో పట్టడం లేదు, పాక తడిక ఒక పక్క తీసేశాం. అన్నయ్య ఫోనుకి ఫొటో పెట్టాను. పక్కనుంచి తీసింది, బాగా వచ్చింది.

మీ పిల్లిపెసర లేకుండా, మీ చెక్క లేకుండా, మీ సలహా అసలే లేకుండా ఈ ఘనకార్యం జరిగింది. ఒట్టి కర్రలు తిని కడుపు పండించుకున్న పశువు కృష్ణాజిల్లాలో ఇదొక్కటే అయ్యుంటుంది. ఎవరికైనా చెప్పి సన్మానం చేయించండి.

ఒప్పందం నాకు గుర్తుంది. ఆడదూడ పుడితే మీదే. మీరు అడగక ముందే రాస్తున్నాను, నేను మరిచిపోయానని మళ్ళీ పెద్దల్ని పిలుస్తారేమోనని.

మార్త మేకలు మిమ్మల్ని అడిగాయి.

ఛాయాదేవి

*

కూచిపూడి,
2 జులై 2025.

ఛాయాదేవికి,

తొలకరి పడింది. కాలవలకి నీళ్ళు వదులుతామంటున్నారు, వదల్లేదు. నారుమడి దున్ని ఎదురుచూస్తున్నాం.

ఫొటో చూశాను. మీ అన్నయ్య ఫోను పట్టుకుని ఊరంతా తిరిగాడు. పాల కేంద్రం దగ్గర వాళ్ళంతా చూసి, కవలలేమో అన్నారు. సరే. నీ గడ్డి గురించి నేను రాసిన మాటలు వెనక్కి తీసుకోను గాని, చించి పారేసినా నాకు అభ్యంతరం లేదు.

ఐదో నెలకే ఇంత కడుపేమిటి అన్నాడు మీ అన్నయ్య. నోరు మూసుకోమన్నాను. ఎప్పుడూ మాట్లాడని మనిషి, మాట్లాడినప్పుడైనా శుభం పలకొద్దూ.

ఇక్కడి పనులు చెబుతాను. దూడ వస్తే ముసలిదానికీ దానికీ ఇద్దరికీ మేత సరిపోదు. వట్టిపోయి రెండేళ్ళయినా పాక బోసిపోతుందని ఉంచుకున్నాను గాని, ఇప్పుడా అవసరం లేదుగా. మొన్న సోమవారం బేరగాడికి ఇచ్చేశాం. బండి ఎక్కనని మొండికేసింది. తర్వాత ఎక్కింది. పాకంతా కడిగి సున్నం కొట్టించాను. మేత వేసే చిన్న గాడి ఒకటి కట్టించాను, దూడకి అందేట్టు.

ఇన్నాళ్ళూ పాలు పోసిన పక్కింటి గేదె కూడా వట్టిపోయి, ఇంట్లో పాల చుక్క లేదు. ప్యాకెట్టు కొంటున్నాం. నీకు కబురు తెలిస్తే నవ్వుతావని ముందే రాశాను.

బుల్లెమ్మ

*

ఇబ్రహీంపట్నం,
28 జులై 2025.

వదినగారికి,

వాన లేదు. ఉక్కగా ఉంది.

మీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. నాలుగు సార్లు జవాబు మొదలుపెట్టాను. ముసలిదాన్ని ఇచ్చేశారని చదివాక కలం సాగలేదు. మీకా తొందరేమిటి? ఒక్క మాట రాసి అడగలేకపోయారా? ఉత్తరాలు రాయడంలో మిమ్మల్ని మించినవాళ్ళు లేరే.

విషయం ఇది. కాల్షియం మందు రాయించుకుందామని పశువుల డాక్టరమ్మ వినీలని పిలిచాను. చెయ్యి పెట్టి చూసింది. తీసి, చేతొడుగు విప్పి, "ఏం లేదండీ" అంది. మరి ఈ కడుపేమిటమ్మా అన్నాను. "గడ్డి" అంది.

ఒట్టి గడ్డి. నా ఇన్ని నెలల శ్రమ.

కూర్చోబెట్టి చెప్పింది. పశువు పొట్టలో కంటికి కనబడని క్రిములుంటాయట. గడ్డిని అరిగించేవి అవేనట. వాటికి మాంసకృత్తులు అందకపోతే అవి పని చేయవట. ముదిరిన గడ్డి అరగదు, ముందుకి కదలదు, పొట్టలోనే మకాం వేస్తుంది. పొట్ట సాగుతుంది, ఒళ్ళు మాత్రం ఎదగదు. వయసుకి మూడేళ్ళు కావస్తోంది, ఒంటికి ఏడాదిన్నర దాటలేదంది. వెన్నెముక మీద చెయ్యి వేసి చూపించింది. నిజమే, బట్టలు ఆరేసుకోవచ్చు. నేను ఎప్పుడూ పక్కనుంచే చూశాను.

ఫిబ్రవరిలో అరిచింది ఎదకొచ్చి కూడా కాదట. కడుపు నిండా తిని కూడా ఆకలేసి. ఇంత పొట్ట పెట్టుకుని ఆకలేమిటన్నారు ఈయన. డాక్టరమ్మ ఈయన వైపు చూసి, చీటీ రాయడం మొదలెట్టింది. మంచి పిల్ల.

ఆరు నెలలు పప్పుజాతి మేతా చెక్కా పడితే గాడిలో పడుతుందంది. ఆ మేత ఇక్కడ ఎక్కడా లేదు. మీ దగ్గర వాములు వాములు ఉంది. కనుక ఆదివారం పడ్డని యేసుబాబు బండిలో పంపుతున్నాను. పడ్డ ఇప్పటికీ నాదే. తిండి మాత్రం మీది. ఇది మీకు బాగా నచ్చే ఏర్పాటని నాకు తెలుసు.

ఇంకో సంగతి. మార్త మేకలు మొన్న ఈనాయి. రెండేసి పిల్లలు. కొవ్వెక్కి గంతులేస్తున్నాయి. మీరు పంపిన రెండు మోపుల చలవేనని మార్త వీధంతా చెబుతోంది. నవ్వుకోండి.

ఛాయాదేవి

*

కూచిపూడి,
19 ఆగస్టు 2025.

ఛాయాదేవికి,

నాట్లు అయిపోయాయి. నడుం అయిపోయింది. రోజూ సాయంత్రం ముసురు.

పడ్డ దిగింది. దిగగానే నేను గుర్తుపట్టలేదు, అది పట్టింది. ముందు బాన దిగింది, వెనకాల నాలుగు కర్రలు దిగాయి. ఫొటో చూసి కవలలన్న వాళ్ళంతా వచ్చి మళ్ళీ చూశారు. ఈసారి టీ తాగి వెళ్ళారు.

నిన్ను ఆడిపోసుకుందామని కూర్చున్నాను. కాని ఐదో నెలకి అంత కడుపుండదని ఎన్ని గేదెల్ని ఈనించాను, నాకు తెలీదూ? మీ అన్నయ్యకి తెలిసింది. ఆ విషయం ఆయన రోజుకోసారి గుర్తు చేస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన నెగ్గింది ఇదే కదా, అనుభవించనీ.

ఇంకో ముచ్చట. వచ్చిన మూడో రోజు, దాని ఎముకలు చూడలేక, గట్టు మీది లేత జనుము తడితడిగా మోపుడు కోసి ముందు పడేశాను. ఆబగా తిన్నది. సాయంత్రానికి ఎడమ డొక్క ఉబ్బి డప్పయింది. మీ అన్నయ్య నూనె పట్టించి, పాక చుట్టూ నడిపించి, పొద్దుటికి దించాడు. అంటే నువ్వు ఇన్ని నెలల్లో చంపలేనిదాన్ని నేను మూడు రోజుల్లో చంపబోయాను. రాసుకో.

ఇప్పుడు ఎండు పిల్లిపెసర కొంచెం కొంచెంగా, వరిగడ్డితో కలిపి. చెక్క నానబెట్టి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. అవిసాకు మధ్యాహ్నం. చిన్న గాడి ఎలాగూ కట్టించాను కదా, దాని ఒంటికి సరిగ్గా అదే సరిపోయింది.

బుల్లెమ్మ

*

కూచిపూడి,
5 మార్చి 2026.

ఛాయాదేవికి,

ఎండ ముదిరింది. పిల్లిపెసర ఆఖరు కోత కోసి వాము వేశాం. తుపానుకి వరి పడిపోయినా కింద చల్లిన గింజ మొలిచింది. ధాన్యం సంగతి అడక్కు, గొడ్ల మేత మాత్రం భేషుగ్గా ఉంది.

నువ్వు సంక్రాంతి ముందు పంపిన ఉత్తరం అందింది. "పడ్డ ఇంకా ఉందా, మేకలకిచ్చారా" అని అడిగావు. ఉంది.

చలికాలంలోనే వెన్ను పూడింది. ఎముకల మీద కండ వచ్చింది, తోలు నిగనిగలాడుతోంది. డిసెంబరు నెలాఖర్లో ఎదకొచ్చింది. ఈసారి అరుపు విని పరుగెత్తలేదు. ఎదకి గుర్తుగా జిగట తీగ వేసిందో లేదో నేను చూశాను, మీ అన్నయ్య చూశాడు, మళ్ళీ నేను చూశాను. అప్పుడు సూది వేయించాం. నిన్న మా పశువుల ఆసుపత్రి డాక్టరు చెయ్యి పెట్టి చూసి, చూడిదే అన్నాడు. ఇంకోసారి చూడమన్నాను. నవ్వి ఇంకోసారి చూశాడు.

నీకు పనికొచ్చే విషయం ఒకటి. కడుపు తగ్గింది. ఒట్టిగా ఉన్నప్పుడు గుమ్మం పట్టని పశువు, చూడి కట్టాక పాకలో సులువుగా తిరుగుతోంది. ఫొటో పెట్టను. పక్కనుంచి తీస్తే ఏమీ కనబడదు.

నేను కనబడితే లేచి నిలబడుతుంది. మీ అన్నయ్య కనబడితే పడుకునే ఉంటుంది.

బుల్లెమ్మ

*

ఇబ్రహీంపట్నం,
14 మార్చి 2026.

వదినా,

ఈ వేళ పెద్దగా పని లేదు. నేపియర్ పీకించేశాం. మిషనుని ఈయన ఆటోనగర్ తీసుకెళ్ళి చేయించిన షెడ్డులోనే పాత ఇనుము కింద ఇచ్చేసి వచ్చారు. వీధిలో మళ్ళీ ఫోన్లు వినబడుతున్నాయి.

చూడి కబురు చదివి సంతోషించాను. పడ్డని ఇంక ఇక్కడికి పంపకు. ఈనేదాకా నీ దగ్గరే ఉండనీ. ఈనాక కూడా ఉండనీ. ఆడదూడైనా మగదూడైనా నీదే, తల్లీ నీదే. మా అమ్మ నాకిచ్చింది, నేను నీకిస్తున్నాను. పెద్దల్ని పిలవక్కర్లేదు. నా చేతిలో దానికి పెరిగేది పొట్ట ఒక్కటే, అది ఊరందరూ చూశారు. నీ పాకే దానికి తగిన చోటు. మాకు ప్యాకెట్టు పాలు బాగానే అరుగుతున్నాయి.

ఇది వెటకారం కాదు. ఎలా రాస్తే వెటకారంగా ఉండదో నాకు తెలియడం లేదు గాని, కాదు.

ఛాయ

*

కూచిపూడి,
22 మార్చి 2026, ఆదివారం.

ఛాయాదేవికి,

తెల్లవారుజామున కాస్త చల్లగా ఉంది, ఇప్పుడు మండిపోతోంది. మినుము నూర్పిళ్ళ దుమ్ము ఇళ్ళలోకి వస్తోంది. ఈ వేళ చేయడానికి నాకు పెద్దగా పని లేదు.

నీ ఉత్తరం మీ అన్నయ్యకి రెండు సార్లు చదివి వినిపించాను. "ఇచ్చేసిందిగా, ఉంచుకో" అన్నాడు. ఆయనకి ఎవరు ఏ ఉద్దేశంతో అంటున్నారో ఎప్పుడు తెలిసింది గనక. ఏడాదిన్నరగా నువ్వు రాసిన వాక్యం ఒక్కటి తిన్నగా లేదు. ఇప్పుడు "వెటకారం కాదు" అని రాస్తే నమ్మేయాలా? వెటకారం కాదని రాసుకోవడం కంటే పెద్ద వెటకారం నేను చదవలేదు. ఉన్నట్టుండి నువ్వు అనడం, వదినా అనడం, దూడా నీదే తల్లీ నీదే అనడం. ఎనిమిది నెలలు ఆడపడుచు సొత్తు పాకలో కట్టేసుకుని కూర్చున్నాననే గదా. సూటిగా పంపమంటే సరిపోయేది. ఇంత అందంగా రాయక్కర్లేదు.

అత్తగారు నీకన్నారు. నీకే. దానం పట్టే అలవాటు ఈ ఇంట్లో లేదు. ఆడదూడ పుడితే ఒప్పందం ప్రకారం కబురు చెయ్యి, చేయకపోతే నీ ఇష్టం.

దానితో పాటు వాములో సగం పిల్లిపెసర వేయించాను. పదిహేను రోజుల పైన వస్తుంది, మళ్ళీ పంపుతాను. చెక్క రోజుకి రెండు పూటలా, నానబెట్టి. ఏడో నెల నుంచి కొంచెం పెంచు. మేకలకి వేయకు. బండి ఎక్కేటప్పుడు ముందు కాళ్ళు పెట్టి ఆగింది. మీ అన్నయ్య వెనకనుంచి తోస్తే కదల్లేదు. నేను ముందుకెళ్ళి నిలబడితే ఎక్కింది.

బండిలో పంపడానికి ఉత్తరం అప్పటికి రాసి లేదు, అందుకని పోస్టులో వేస్తున్నాను.

పడ్డ ఈ ఉదయం ఐదున్నరకి యేసుబాబు బండిలో బయలుదేరింది. మీ అన్నయ్య వెంట వెళ్ళాడు.

బుల్లెమ్మ